రైతు గోడును లండన్ పార్లమెంటుకు చేర్చిన గాజుల లక్ష్మీనరసు శెట్టి

అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దల మాట. అయితే ఎవరిని అడగాలి, ఎట్లా అడగాలి, ఒకసారి కాదంటే మళ్లీ ఏం చేయాలి అన్నవే పెద్ద చిక్కులు. సోమవారం నాడు వికారాబాద్ కలెక్టరాఫీసులో జరిగే ప్రజావాణికి తాండూరు, పరిగి, కొడంగల్ నుంచి కాగితాలు పట్టుకుని వచ్చే రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అర్జీ పెట్టడం ఒక ఎత్తు. దానికి జవాబు రాబట్టడం మరో ఎత్తు.

సుమారు 170 ఏళ్ల కిందట ఒక తెలుగు వర్తకుడు ఏడు సముద్రాల అవతల ఉన్న బ్రిటిష్ పార్లమెంటుకు రైతుల తరఫున అర్జీ పంపారు. శిస్తు కోసం రైతుల వేళ్లు నలగ్గొడుతున్నారని, ఎండలో నిలబెడుతున్నారని అందులో రాయించారు. పార్లమెంటులో మొదట నమ్మనివారు కూడా చివరకు విచారణకు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ వర్తకుడే గాజుల లక్ష్మీనరసు శెట్టి. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఒకటి రెండు వాక్యాలకు మించి కనపడదు. ఊళ్లలో చాలామందికి ఆ పేరే తెలియదు.

వర్తకుల ఇంట పుట్టుక

లక్ష్మీనరసు శెట్టి 1806లో చెన్నపట్నంలో పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు వ్యాపారంలో పేరున్న తెలుగు వర్తకుడు. ఆ రోజుల్లో చెన్నపట్నం వర్తకంలో తెలుగువారిది పెద్ద చెయ్యి. లక్ష్మీనరసు పెద్దగా చదువుకోలేదు. చిన్నతనంలోనే తండ్రి వెంట వ్యాపారంలోకి దిగారు. చెన్నపట్నం చేతిరుమాళ్లకు విదేశాల్లో మంచి గిరాకీ ఉండేది. ఆ రుమాళ్ల వర్తకంలో ఆయన బాగా గడించారు.

డబ్బు చేతికొచ్చాక మేడలు కట్టుకుని హాయిగా ఉండవచ్చు. ఆయన ఆ దారి పట్టలేదు. 1844లో ఒక ముద్రణాలయం కొని, క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. చెన్నపట్నంలో భారతీయుల ఆధ్వర్యంలో, ప్రజాసమస్యల కోసం నడిచిన తొలి ఇంగ్లీషు పత్రికగా దాన్ని చెబుతారు. సంపాదకుడుగా ఎడ్వర్డ్ హార్లే అనే ఇంగ్లీషు వ్యక్తిని పెట్టుకున్నారు. దొరలకు అర్థమయ్యే భాషలో దొరలకే చెప్పాలన్నది శెట్టిగారి ఆలోచన. సర్కారుకు ఈ పత్రిక నచ్చలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

మతం మారినవారికి తండ్రి ఆస్తిలో హక్కు ఉండాలని కుంపిణీ సర్కారు చట్టం తలపెట్టినప్పుడు ఆయన వ్యతిరేకించారు. సర్కారు సాయంతో నడిచే బడుల్లో బైబిలును పాఠ్యపుస్తకం చేయాలన్న ఆలోచనకూ అడ్డు చెప్పారు. 1846లో పెద్ద సభ జరిపించి, లండన్‌లోని కుంపిణీ డైరెక్టర్లకు మహజరు పంపించారు. ఆస్తిహక్కు చట్టం మాత్రం 1850లో రానే వచ్చింది. ఆ చట్టం విషయంలో ఆయనది పాతకాలపు పట్టు అని ఇప్పుడు అనేవారున్నారు. అయితే ఆ వివాదాల్లో ఆయన ఒక పని నేర్చుకున్నారు. పదిమందిని కూడగట్టడం, సంతకాలు సేకరించడం, కాగితం పకడ్బందీగా రాయించడం ఆయనకు అలవడ్డాయి. రైతుల విషయంలో ఆ అనుభవమే అక్కరకు వచ్చింది.

విక్టోరియా రాణి నాటి అర్జీలు

1837లో విక్టోరియా ఇంగ్లండు రాణి అయ్యారు. ఆ కాలంలో అక్కడ ఎక్కువమందికి ఓటు లేదు. కూలీలకు లేదు, ఆడవారికి అసలే లేదు. ఓటు లేనివారికి పార్లమెంటు తలుపు తట్టడానికి మిగిలిన దారి అర్జీ ఒక్కటే. అందుకే ఊరూరా అర్జీలు రాసేవారు. బానిసత్వం రద్దు చేయాలని, ధాన్యం మీద సుంకం తీసివేయాలని, తమకు ఓటు కావాలని లక్షలాది మంది సంతకాలు పెట్టారు. 1843లో ఒక్క కామన్స్ సభకే 33,898 అర్జీలు వచ్చాయి.

అర్జీకి పద్ధతులుండేవి. అచ్చు వేసిన కాగితం పనికిరాదు, చేత్తో రాయాలి. మర్యాద తప్పకూడదు. చివర తమకేం కావాలో ప్రార్థనగా చెప్పాలి. సభ్యుడెవరైనా దాన్ని తీసుకుని సభ ముందు పెట్టాలి. సభ్యుడు దొరక్కపోతే అర్జీ గడప దాటదు.

సంతకాలు ఎన్ని ఉన్నా పని జరుగుతుందన్న నమ్మకమూ లేదు. 1842లో అక్కడి కార్మికులు ఓటుహక్కు కోసం సుమారు 33 లక్షల సంతకాలతో అర్జీ తెచ్చారు. కాగితం పొడవే ఆరు మైళ్లన్నారు. ఊరేగింపుగా మోసుకొస్తే పార్లమెంటు ద్వారంలో పట్టలేదు. విడదీసి లోపలికి చేరవేశారు. ఆ కార్మికుల మాట వినడానికి సభలో 49 మంది సరేనన్నారు, 287 మంది కాదన్నారు. సొంత దేశపు కూలీలకే ఆ గతి పడితే, ఇక్కడి రైతు గోడు ఎవరు వింటారు?

తాసీల్దారే పోలీసు, తాసీల్దారే హాకిం

ఆనాడు చెన్నపట్నం రాజధాని కింద గంజాం నుంచి తిరునెల్వేలి దాకా జిల్లాలుండేవి. 1800లో నిజాం నవాబు కుంపిణీకి ఇచ్చిన కడప, బళ్లారి ప్రాంతాలు కూడా అందులోనివే. మనం దత్తమండలాలు అనేది వాటినే. ఆ జిల్లాల్లో చాలాచోట్ల రైత్వారీ పద్ధతి నడిచేది. రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టాలి. శిస్తు చాలా ఎక్కువ. వాన కురిసినా కురవకపోయినా కట్టమనేవారు. 1833 నందన కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షకు పైగా జనం చచ్చిపోయారు. ఆ తరువాత కూడా శిస్తు భారం తగ్గలేదు.

శిస్తు వసూలు చేసేది తాసీల్దారు. 1816లో సర్కారు పోలీసు అధికారం కూడా ఆయనకే అప్పగించింది. చిన్న చిన్న నేరాలకు శిక్ష వేసే అధికారమూ ఆయనదే. శిస్తు కట్టని రైతును పట్టుకునేదీ ఆయన మనుషులే, కొట్టేదీ వారే. కొట్టారని ఫిర్యాదు చేయాలంటే మళ్లీ ఆ కచేరీకే పోవాలి. కలెక్టరు దొర ఎక్కడో పదుల మైళ్ల దూరంలో ఉంటాడు. పని మానుకుని, దారి బత్తెం పెట్టుకుని పోయినా, దొర ఆ కాగితాన్ని విచారణకు తిరిగి అదే తాసీల్దారుకు పంపేవాడు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్నట్టుగా ఉండేది రైతు బతుకు.

హింసలు రకరకాలు. కిట్టి అనే చెక్క సాధనం ఒకటి. రెండు కర్రముక్కల మధ్య వేళ్లు పెట్టించి, నొప్పికి తట్టుకోలేనంతగా నొక్కేవారు. మెడకు తాడు వేసి, తల కాళ్ల దాకా వంచి కట్టి, ఎండలో గంటల తరబడి ఉంచేవారు. వీపు మీద రాయి పెట్టేవారు. తిండి, నీరు లేకుండా కూర్చోబెట్టేవారు. చాలాసార్లు బాకీ ఉన్న శిస్తు కొద్ది రూపాయలే.

రైతులకే కాదు, చేతివృత్తుల వారికీ బాధలున్నాయి. మగ్గం మీద, కొలిమి మీద, దుకాణం మీద మోతుర్ఫా అనే పన్ను వేసేవారు. నేతగాడు, వడ్రంగి, కంసాలి, చిల్లర వర్తకుడు అందరూ కట్టవలసిందే.

1852 అర్జీ

కుంపిణీకి ఇండియాను ఏలడానికి పార్లమెంటు ఇరవై ఏళ్లకొకసారి అనుమతి పొడిగించేది. 1833లో ఇచ్చిన గడువు 1853తో తీరుతుంది. కుంపిణీ పాలన బాగుందా లేదా అని పార్లమెంటు విచారించే సమయం అదే. అదను చూసి విత్తనం వేయాలన్నది రైతుకు తెలిసిన సంగతే. శెట్టిగారూ అదను చూశారు.

1852 ఫిబ్రవరిలో ఆయన పూనికతో చెన్నపట్నంలో మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. దక్షిణ దేశంలో ప్రజల తరఫున మాట్లాడిన తొలి రాజకీయ సంఘం అది. మొదట కలకత్తా సంఘానికి అనుబంధంగా ఉన్నా, మన కష్టాలు మనమే చెప్పుకోవాలని త్వరలోనే విడిగా నిలబడింది. ఆ ఏడాది చివర్లో పార్లమెంటుకు పెద్ద అర్జీ సిద్ధం చేశారు. శిస్తు భారం, వసూళ్లలో హింస, మోతుర్ఫా పన్ను, కోర్టుల్లో జాప్యం, ఖర్చు, రోడ్లు లేకపోవడం, కాలువలు చెరువులు పాడుబడడం, చదువుకు సర్కారు డబ్బు పెట్టకపోవడం అన్నీ అందులో ఎక్కాయి.

అప్పటికి సూయజ్ కాలువ లేదు, అది 1869లో వచ్చింది. చెన్నపట్నం నుంచి పొగ ఓడలో ఎర్రసముద్రం దాకా పోయి, ఈజిప్టులో నేలమీద ప్రయాణం చేసి, మళ్లీ ఓడ ఎక్కాలి. కాగితం లండన్ చేరడానికి నెల పైనే పట్టేది. 1853 మొదట్లో ఆ అర్జీ పార్లమెంటు చేరింది. అంతకుముందు ఇండియాకు గవర్నర్ జనరల్‌గా పనిచేసిన ఎలెన్‌బరో ప్రభువు దాన్ని లార్డ్స్ సభ ముందు పెట్టారు.

అయినా ఆ ఏడాది వచ్చిన చట్టంలో రైతుకు ఏమీ దక్కలేదు. కుంపిణీ పాలన కొనసాగింది. మరొకరైతే అక్కడితో విసిగి ఊరుకునేవారు.

సాక్ష్యం చూపించారు

కాగితం మీద రాసింది దొరలు నమ్మడం లేదని శెట్టిగారు గ్రహించారు. చూపిస్తే తప్ప లాభం లేదనుకున్నారు. లండన్‌లో ఇండియా సంస్కరణల కోసం పనిచేసే సంఘం 1853లో ఏర్పడింది. దాని నాయకుల్లో ఒకరు డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు. ఆయన ఆ ఏడాదే చెన్నపట్నం వచ్చారు. శెట్టిగారు ఆయన్ను విందులతో సరిపెట్టి పంపలేదు. జిల్లాల్లోకి వెంటబెట్టుకుపోయారు. రైతులతో మాట్లాడించారు, దెబ్బలు తిన్నవారిని కళ్లకు చూపించారు.

1854 జులైలో మద్రాసు రాజధాని భూముల మీద కామన్స్ సభలో చర్చ వచ్చింది. సీమూర్ లేచి తాను చూసిన సంగతులు చెప్పారు. ఇండియాలో ఉద్యోగాలు చేసి వచ్చిన కొందరు సభ్యులు ఇదంతా అబద్ధమన్నారు. ఇన్నేళ్లు అక్కడ ఉన్నాం, అట్లాంటిది వినలేదన్నారు. అయితే కళ్లారా చూసి వచ్చిన సభ్యుడు సభలోనే ఉన్నప్పుడు కొట్టిపారేయడం కుదరలేదు. విచారణకు మంత్రి ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఏడాదే చెన్నపట్నంలో ముగ్గురితో విచారణ సంఘం వేశారు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అందులో సభ్యులు. జాన్ బ్రూస్ నార్టన్ న్యాయవాది. ఫిర్యాదులున్నవారు చెప్పుకోవచ్చని ప్రకటన వెలువడింది. గడువు కొద్ది నెలలే. అయినా 1,900కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఉత్తరాలు రాయించి పంపినవారు ఎక్కువ. కొన్ని వందల మంది స్వయంగా చెన్నపట్నం వచ్చారు. వారిలో వందల మైళ్ల దూరం నుంచి వచ్చినవారూ ఉన్నారు. రైళ్లు లేవు, దక్షిణ దేశంలో తొలి రైలు 1856లో గానీ నడవలేదు. ఎవరైనా తన మాట వింటారన్న ఒక్క ఆశ మీద రైతు అంత దూరం వచ్చాడు.

1855 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. శిస్తు వసూళ్లలోనూ, పోలీసు విచారణల్లోనూ హింస జరుగుతున్న మాట నిజమేనని ముగ్గురూ తేల్చారు. బాధితుడు న్యాయం పొందడం ఎంత కష్టమో కూడా రాశారు. శెట్టిగారి అర్జీలో ఉన్నది అబద్ధం కాదని సర్కారు కాగితం మీదే రుజువైంది.

దక్కినవి, దక్కనివి

ఫలితం దక్కింది. శిస్తు వసూలును, పోలీసును విడదీయాలని విచారణ సంఘం చెప్పింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, పోలీసుకు వేరే శాఖ ఏర్పడింది. భూములు కొత్తగా సర్వే చేసి శిస్తు నిర్ణయించాలని సర్కారు తలపెట్టింది. ఆ పని 1858 నుంచి మొదలైంది.

దక్కనిదీ ఉంది. నివేదిక తప్పంతా కింది ఉద్యోగుల మీదకు నెట్టింది. పెద్ద దొరలకు ఇందులో పాలు లేదని చెప్పింది. కట్టలేనంత శిస్తు వేసినవారెవరు, ఎట్లాగైనా వసూలు చేయమని ఒత్తిడి పెట్టినవారెవరు అన్న ప్రశ్న పక్కన పడింది. పోలీసు వేరైనా లాఠీ పోలేదు. ఠాణాలో దెబ్బల సమస్య ఆ చట్టంతో తీరిపోలేదని తరువాతి చరిత్ర చెబుతుంది.

శెట్టిగారు అక్కడితో ఆగలేదు. కుంపిణీ పాలన తీసివేసి, ఇండియాను నేరుగా రాణి ప్రభుత్వం కిందకు తేవాలని సంఘం తరఫున మళ్లీ అర్జీ పంపించారు. దాని మీద సుమారు 14 వేల మంది సంతకాలు పెట్టారు. 1857 తిరుగుబాటు తరువాత 1858లో కుంపిణీ పాలన పోయింది. దానికి అసలు కారణం తిరుగుబాటే. అయినా ఆ కోరికను ముందే కాగితం మీద పెట్టినవారిలో మన తెలుగాయన ఉన్నారు.

అప్పుడు మన ప్రాంతంలో

ఆ రోజుల్లో వికారాబాద్, తాండూరు ప్రాంతాలు నిజాం రాజ్యంలోవి. ఇక్కడి రైతుకు లండన్ పార్లమెంటుతో సంబంధం లేదు. తాలూకాలను గుత్తకిచ్చే పద్ధతి ఉండేది. గుత్త పట్టిన తాలూకాదారు సర్కారుకు ఇంత అని కట్టి, రైతు దగ్గర ఎంత పిండుకున్నా అడిగేవారు తక్కువ. పైగా, జాగీరు గ్రామాల్లో ఆ జాగీర్దారు మాటే చట్టం. అర్జీ పెట్టుకోవాలంటే దివాను దేవిడీ దాకా పోవాలి. అంతకుమించి పైన వినే సభ లేదు.

లక్ష్మీనరసు శెట్టి అర్జీ లండన్ చేరిన 1853లోనే హైదరాబాదులో సాలార్‌జంగ్ దివాను అయ్యారు. మెల్లగా గుత్తల పద్ధతి తీసివేసి, జీతం మీద అధికారులను పెట్టారు. 1865లో జిల్లాబందీ చేశారు. రైలు 1874లో వచ్చి తాండూరు, వికారాబాద్‌ల మీదుగా సికింద్రాబాదు చేరింది. ఇక్కడ మార్పు పైనుంచి, దివాను తలచుకుంటే వచ్చింది. అక్కడ కొంతయినా కిందినుంచి, జనం అడిగితే వచ్చింది. ఈ తేడాను గమనించాలి. జనం నోరు విప్పి అడిగే అలవాటు ఈ ప్రాంతంలో స్థిరపడడానికి మరో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది.

చివరి రోజులు

సర్కారు ఆయన్ను చాలాకాలం అనుమానంతో చూసినా, చివరకు గౌరవించక తప్పలేదు. 1863లో మద్రాసు శాసన మండలిలో సభ్యుడిగా నియమించారు. స్టార్ ఆఫ్ ఇండియా తరగతిలో బిరుదూ ఇచ్చారు. అప్పటికి ఆస్తి కరిగిపోయింది. పత్రిక నడపడానికి, సంఘానికి, అర్జీలకు, రాతకోతలకు ఏళ్ల తరబడి తన డబ్బే పెట్టారు. 1868లో ఆయన కన్నుమూసే నాటికి ఒకనాటి పెద్ద వర్తకుడు పేదవాడు.

ఆయన పోయాక సంఘం చల్లబడింది. అయినా బీజం పడింది. 1884లో మద్రాసు మహాజన సభ వచ్చింది, ఆ మరుసటి ఏడాది కాంగ్రెసు వచ్చింది. అవి కూడా మొదట్లో చేసిన పని అర్జీలు పెట్టడమే.

గాజుల లక్ష్మీనరసు శెట్టి తుపాకి పట్టలేదు, జైలుకు పోలేదు. అందుకే కాబోలు ఆయనకు కథలు, పాటలు పుట్టలేదు. 33 లక్షల సంతకాలకు తలవంచని పార్లమెంటు అంతకన్నా ఎంతో చిన్న అర్జీకి కదిలిందంటే కారణం ఆయన పనితీరే. ఎవరిని, ఎక్కడ, ఎంత బాకీకి, ఎట్లా కొట్టారో తేల్చి చెప్పే మనుషులను ముందుకు తెచ్చారు. వినే మనిషిని వెతికి, ఊళ్లలోకి తీసుకువచ్చి చూపించారు. కాదన్నా మళ్లీ పంపారు. ఫిర్యాదు ఎవరి మీదో ఆ కచేరీకే కాగితం తిరిగిపోయినంత కాలం న్యాయం జరగదన్న సంగతిని సర్కారు చేతనే ఒప్పించారు.

అర్జీ పట్టుకుని కచేరీ మెట్లెక్కే ప్రతి రైతుకూ ఆయన దారి చూపినవాడే. ఊళ్లో నలుగురు కూర్చున్న చోట ఆయన పేరు ఒకసారి చెప్పుకోవడం మన వంతు.